నాలుగు నెలల తాళం

ఆ ఉదయం మా అత్త తిరుపతమ్మ నా చేతిలోంచి పొరక తీసుకుని, "ఇంక నువ్వు ఊడ్చొద్దు లేమ్మా. నడుము పట్టుకుంటాది" అంది. కాపురానికి వచ్చిన తొమ్మిదేళ్లలో నా నడుము గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట ఎత్తలేదు. ఆమె వంగి వాకిలి ఊడుస్తుంటే, చేతులు ఏం చేసుకోవాలో తెలియక గోడకు ఆనుకుని నిలబడ్డాను. సంతోషపడాల్సిన మాటే. నాకు మాత్రం భయమేసింది. తిట్టే మనిషి తిడుతూ ఉంటే మన చోటు మనకు తెలుస్తుంది. ఉన్నట్టుండి ముద్దు చేస్తే కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు.

పొరక తర్వాత నెయ్యి వచ్చింది. అంతవరకు మా ఆయన మద్దిలేటి కంచంలోనే పడే నెయ్యి, నా సంగటి ముద్దలో కూడా గుంట చేసుకుని కూర్చుంది. ఆ తర్వాత నీళ్ల బిందెలు ఆమే మోసింది. నాలుగో రోజున అసలు మాట బయటపడింది. "తొమ్మిదో నెల పడుతూనే మైదుకూరుకు పో సుంకమ్మా. మీయమ్మ చేతిమీద పురుడు పోసుకో. బిడ్డకు ఐదో నెల వచ్చినంక నిదానంగా రా. ఈ బిడ్డన్నా నిలబడాల."

మా ఇండ్లల్లో పుట్టింటి పురుడు మొదటి కాన్పుకే. నా మొదటి కాన్పు మైదుకూరులోనే అయింది. ఆ పాప మూడేళ్లు ఉండి, అమ్మవారు పోసి పోయింది. రెండోసారి నేనే సిగ్గు విడిచి అడిగాను, మా అమ్మ దగ్గరికి పంపమని. "రెండో కాన్పుకు పుట్టింటికి పొయ్యే ఆనవాయితీ మనకు యాడుండాది? నలుగురూ నవ్వుతారు" అంది ఇదే అత్త, ఇదే వాకిట్లో. నొప్పులు వచ్చిన పొద్దు కూడా నేను జొన్నలు విసురుతూనే ఉన్నాను. బిడ్డ ఏడవలేదు. మంత్రసాని ఆ పసిగుడ్డును గుడ్డలో చుట్టి బయటికి తీసుకుపోతుంటే మా ఆయన, "అంగడి అంగడని తిరిగితే ఇట్లే అయితాది" అన్నాడు. విసురురాయి పేరు ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు మూడో కాన్పుకు, అడక్కుండానే, ఆరు నెలలు పుట్టింట్లో ఉండి రమ్మంటున్నారు. లేని ఆనవాయితీని నా కోసం ఎందుకు పుట్టించారో నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా ముద్దలో నెయ్యి ఉన్న చోటు వదిలేసి చుట్టూ తినడం మొదలుపెట్టాను.

అంగడి సంగతి చెప్పాలి. కర్నూలులో బురుజు వెనక సందులో గిడ్డయ్యకు వరసగా నాలుగు అంగళ్లు ఉన్నాయి. నాలుగోది నాది. ముందు పెట్టెలు పరుచుకునే చోటు, వెనక మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత గది. మా నాయన మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో గాజుల మలారం భుజాన వేసుకుని తిరిగేవాడు. చేతిని చూసి కొలత చెప్పడం, ఎముక గట్టిగా ఉన్న చేతిని సబ్బు నురగతో మెత్తబరిచి ఒక్క గాజు కూడా చిట్లకుండా ఎక్కించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెళ్లయ్యాక కొన్నేళ్లకు ఈ అంగడి బాడుగకు తీసుకున్నాం. కరారు కాగితం నా పేర రాయించింది మా ఆయనే. నా మీద ప్రేమతో కాదు. అప్పుడాయన ఎవరి అప్పుకో జామీను ఉండి ఇరుక్కున్నాడు. "నా పేర ఉంటే జప్తుకొస్తారు. నీ పేర ఉంటే ఎవుడూ ముట్టుకోలేడు. ఆడదానికేముంటాదని అడుగుతారు?" అన్నాడు. ఆ కాగితం మీద పెట్టడానికే మూడక్షరాల సంతకం నేర్చుకున్నాను. కోర్టు వసారాలో అర్జీలు రాసే జ్ఞానరాజన్న పలక మీద గీసి నేర్పించాడు. మా ఆయన పక్కనే నిలబడి, నేను 'క' కిందికి జారుస్తుంటే పగలబడి నవ్వాడు.

ఆ నవ్వు తర్వాత కొన్నాళ్లకు ఆగిపోయింది. అప్పు తీరింది, జామీను తెగింది, కాగితం మాత్రం నా పేరనే ఉండిపోయింది. మా ఆయన శనక్కాయల మిల్లులో తూకం వేస్తాడు. ఆడ ఆయన్ను మద్దిలేటి అనేవాళ్లు తక్కువ, గాజులామె మొగుడు అనేవాళ్లు ఎక్కువ. ఎవరో ఒకసారి పెండ్లి పందిట్లో అందరి ముందు అట్లా పిలిచారు. ఆ రోజు ఇంటికొచ్చి, నేను వడ్డించిన కంచాన్ని కొట్టలేదు, విసిరేయలేదు. మెల్లగా పక్కకు జరిపి, "నువ్వు తినుపో. సంపాదిస్తాండావు గదా" అన్నాడు. నన్ను కొట్టి ఉంటే ఆ దెబ్బ ఎప్పుడో మానిపోయేది. ఆ కంచం జరిపిన చప్పుడు మాత్రం ఇప్పటికీ వినిపిస్తుంది. సంపాదించేదాన్ని కాబట్టి నాకు ఇంట్లో పని తగ్గిందా అంటే, అదీ లేదు. కోడికూతకు లేచి విసిరి, వండి, నీళ్లు తెచ్చి, అప్పుడు అంగడి. అంగడి మూసి మళ్లీ పొయ్యి. అంగడి నా సరదా అని వాళ్ల లెక్క. ఇంటి పని నా పుట్టుక అని వాళ్ల లెక్క.

పోయిన ఏడాది రాజధాని కర్నూలుకు వచ్చింది. ఊరంతా డేరాలు లేచాయి. ఆఫీసులు డేరాల్లో, గుమాస్తాలు వసారాల్లో, వాళ్ల పెళ్లాం బిడ్డలు ఎవరి మేడ మీదో సగం గదిలో. మేకలు కట్టే కొట్టాలకు కూడా సున్నం కొట్టి బాడుగకు ఇచ్చారు. నా అంగడి ముందు మద్రాసు నుంచి వచ్చిన ఆఫీసర్ల భార్యలు రిక్షాలు దిగేవారు. వాళ్ల చేతులు మెత్తన, మాట పెద్దది. అదే ఏడాది గిడ్డయ్య మొదటి మూడు అంగళ్లూ ఖాళీ చేయించి ఒక హోటలు వాళ్లకు మాట ఇచ్చాడు. ఆ హోటలుకు వంటిల్లు కావాలి. వంటిల్లు అంటే నా అంగడి. బాడుగ పెంచి నన్ను తరమడానికి చట్టం అడ్డం. ఒకరోజు వచ్చి గడప బయటే నిలబడి, "ఈ కాగితం మీద ఒక సంతకం పెట్టమ్మా, నీకు వేరే చోట చూపిస్తా" అన్నాడు. ఆయన మడి ఎక్కువ మనిషి. ఇంట్లో పురుడు వస్తే పదకొండు రోజులు గుడి అరుగు మీద పడుకునే రకం. నేను సంతకం పెట్టనన్నాను. ఆయన గొంతు పెంచలేదు. "సరేలేమ్మా, నువ్వే వదులుకుంటావు" అని నవ్వి పోయాడు. అది జరిగిన నెలకు మా అత్త నా చేతిలో పొరక తీసుకుంది. ఈ రెండూ ఒకే తాడుకు ఉన్న రెండు కొసలని అప్పటికి నాకు తెలియదు.

తెలియజెప్పింది రాహేలమ్మ. జ్ఞానరాజన్న భార్య, మిషను ఆస్పత్రిలో పురుళ్లు చూసే ఆయా. పక్క సందులోనే ఇల్లు. ఆదివారం గుడి నుంచి వస్తూ అంగట్లోకి వచ్చి చెయ్యి చాపింది. ఆమె చేతికి గాజులు ఎక్కవు, ఎన్ని కాన్పులు పట్టిన చేతులో, పిడికిలి గట్టిపడిపోయింది. నేను సబ్బు రుద్దుతుంటే నా కడుపు వైపు చూసి, "పుట్టింటికి పోతాండావంట గదా. అంగడెవరు చూస్తారే?" అని అడిగింది. మా ఆయన చూస్తాడన్నాను. ఆమె చెయ్యి నా చేతిలో ఒక్కసారి బిగుసుకుంది.

"మీ ఆయన మొన్న మా ఇంటాయన దగ్గరికి వచ్చినాడు. ఎవరో సావాసగానికి కావాలని ఒక మాట అడిగినాడంట. బాడుగకుండేటోళ్లు అంగడి ఎన్ని నెలలు తెరవకపోతే ఆసామికి తిరిగొస్తాదని."

"ఎన్ని నెలలు?" అన్నాను.

"నాలుగు. కారణం లేకుండా వరసగా నాలుగు నెలలు మూసిపెడితే ఖాళీ చేయించమని ఆసామి అర్జీ పెట్టుకోవచ్చంట. సంతకాలతో పని లేదు."

"కాన్పు కారణం కాదా అక్కా?"

"నేనూ అదే అడిగితిని. కారణమే. కానీ చెప్పేటోళ్లు ఎవరు? నోటీసు తెచ్చి అంగడి తలుపుకు అంటిస్తారు. నువ్వు మైదుకూర్లో చెవులకు గుడ్డ కట్టుకోని పండుకోనుంటావు. ఈడ మీ ఆయన ఆఫీసరు ముందర నిలబడి, 'మాకు అంగడి వద్దు సార్, వదులుకున్నాం' అంటాడు. మొగుడు చెప్పినంక పెళ్లాన్ని ఎవురు అడుగుతారే?"

తొమ్మిదో నెల నుంచి బిడ్డ ఐదో నెల దాకా. వేళ్ల మీద లెక్క పెట్టాల్సిన పని కూడా లేదు, నాలుగుకు పైన ఇంకా మిగిలాయి. రాహేలమ్మ చేతికి ఎక్కిస్తున్న గాజు చిట్లింది. అంగడి పెట్టినాక నా చేతిలో చిట్లిన మొదటి గాజు అదే. రక్తం చుక్క ఆమెదో నాదో తెలియలేదు.

అయినా మనసు ఒప్పుకోలేదు. ఒప్పుకోదు. తొమ్మిదేళ్లు పక్కన పడుకున్న మనిషి. పాప పోయినప్పుడు నా చేయి పట్టుకుని ఏడ్చిన మనిషి. ఎవరో సావాసగాడు నిజంగానే అడిగి ఉండొచ్చు కదా అనుకున్నాను. మరుసటి మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు మజ్జిగ పోస్తూ అడిగాను. "నేను లేనప్పుడు అంగడి తెరుస్తావా?"

"తెరుస్తాలే."

"వచ్చేది శ్రావణం. ఆడోళ్లు కట్టలు కట్టలుగా వస్తారు. వాళ్ల చేతులకు గాజులు నువ్వు తొడుగుతావా?"

మా అత్త నవ్వింది. ఆయన నవ్వలేదు. నేను తలొంచుకునే అన్నాను, "మైదుకూర్లో మా పిన్నమ్మ కూతురుండాది. గాజులు తొడిగేది దానికి వచ్చు. ఆ ఆరు నెలలు దాన్ని కూర్చోబెడతా."

"అట్ల కుదరదు" అన్నాడు మా ఆయన వెంటనే. "ఆసామి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఇంకొకరిని కూర్చోబెడితే దాన్ని మారుబాడుగ అంటారు. దానికీ ఖాళీ చేయిస్తారు. చట్టం ఉండాది."

రేషను కార్డు మీద ఏముందో పక్కవాళ్లనడిగి చెప్పించుకునే మనిషికి మారుబాడుగ అనే మాట నోటికి వచ్చింది. ఆయన కూడా తను ఏమన్నాడో గమనించుకున్నాడు. కంచంలోకి చూస్తూ, "మంచికే చెప్తాండా" అన్నాడు. ఇంతకాలం నేను భయపడింది ఆయన కోపానికి. ఆ రోజు మొదటిసారి ఆయన మంచితనానికి భయపడ్డాను.

రాత్రీ పగలూ ఒకటే ఆలోచన. పోనని మొండికేస్తే? అప్పుడు పురుడు అత్తింట్లోనే. మా ఇండ్లల్లో బాలింతను మూడు నెలలు గడప దాటనియ్యరు. దానికి ముందు ఒక నెల, భారంగా ఉన్నావు కదలొద్దని కూర్చోబెడతారు. మూడూ ఒకటీ నాలుగు. మైదుకూరుకు పోయినా అదే, ఇక్కడున్నా అదే. చట్టం రాసినవాళ్లు ఆడవాళ్ల కాన్పును చూసి రాయలేదు గానీ, ఆ రెండింటినీ కలిపి కుట్టిన చేయి మాత్రం తెలిసినదే. గిడ్డయ్య ఆయనకు ఏం ఆశ పెట్టాడో కూడా అంగడికి వచ్చే ఆడవాళ్ల నోట తెలిసింది. హోటల్లో గల్లాపెట్టె దగ్గర కుర్చీ. తెల్ల చొక్కా వేసుకుని కూర్చుంటే ఇంక ఆయన్ను ఎవరూ గాజులామె మొగుడనరు. అది తెలిసినప్పుడు నాకు కోపం కంటే ముందు జాలి వచ్చింది, నిజం చెప్పాలి. ఆయన మనిషిగా నిలబడడానికి నా అంగడే అడ్డమని ఆయన నమ్మాడు. కానీ ఆ జాలితోనే కదా తొమ్మిదేళ్లు గడిచాయి. అంగడి పోతే నా చేతికి మిగిలేది పొరక. మా అత్త దాన్ని తీసుకుంది మళ్లీ నా చేతికే ఇచ్చేయడానికి.

ఎనిమిదో నెల చివర్లో నాకు గాజులు తొడిగే వేడుక పెట్టారు. మొదటి కాన్పుకు మా అమ్మ చేయించిందే తప్ప ఈ ఇంట్లో నాకు అలాంటిది ఎప్పుడూ జరగలేదు. ఆకుపచ్చ గాజులు నా అంగట్లోంచే తెమ్మన్నారు. గిడ్డయ్య భార్య కూడా వచ్చి పసుపు కుంకుమ ఇచ్చింది. ఊళ్లో ఎందరి కడుపులకు నేను ఆకుపచ్చ గాజులు తొడిగానో, ఇప్పుడు నా చేయి ఎవరు పట్టుకోవాలో ఎవరికీ తోచలేదు. మా అత్త ముందుకొచ్చింది. నెమ్మదిగా తొడగడం ఆమె చేతికి అలవాటు లేదు. మొదటిది చిట్లింది. రెండోది చిట్లింది. మూడోది కూడా చిట్లితే కూర్చున్న ఆడవాళ్లు మాటలు ఆపేశారు. "ఏమీ కాదులే" అని ఎవరో అన్నారు, ఏదో అయిందన్నట్టే. నేను పళ్లెంలోంచి మిగిలిన గాజులు తీసుకుని, నా ఎడమ చేయి నేనే మడిచి, ఒకటొకటిగా తొడుక్కున్నాను. ఒక్కటీ చిట్లలేదు. ఆ చివరి గాజు ఎక్కేసరికి ఏం చేయాలో నాకు తెలిసిపోయింది.

మరుసటి రోజు రాహేలమ్మ ఇంటికి పోయాను. జ్ఞానరాజన్న వాకిట్లో ఉన్నాడు. ఒకే ఒక మాట అడిగాను. "అన్నా, అంగడి తెరిచి ఉండాదంటే దానర్థమేమి? గాజులు అమ్మాల్నా? తలుపు తెరిచుంటే చాలునా?"

"కాగితంలో ఉండే మనిషి, అంటే నువ్వు, నీ సరుకు పెట్టుకోని అందులో ఉంటే చాలమ్మా. ఆ పొద్దు బేరం అయిందా లేదా అని ఎవురూ అడగరు" అన్నాడు. ఆయనకు నా ఆలోచన అందలేదు. రాహేలమ్మకు అందింది. బాలింతను దాటనియ్యని గడప అంగడి గడపే అయితే, అంగడి మూతపడదు. చాట కింద పెట్టి నన్ను తేరిపార చూసింది. "ఆ గదిలో గాలి రాదే. నీళ్లు లేవు. రెండో బిడ్డ ఎట్ల పోయిందో నువ్వు మర్చిపోతివా?" అంది.

మర్చిపోలేదు. అదొక్కటే నన్ను పట్టి వెనక్కి లాగింది. రెండు రాత్రులు కడుపు మీద చేయి వేసుకుని ఆ లోపలి బిడ్డనే అడిగాను, నిన్ను పెట్టి పందెం కాస్తున్నానా అని. జవాబు వస్తుందా? తన్నింది. దాన్ని అవునని అనుకోవాలో కాదని అనుకోవాలో నాకు తెలియలేదు. నేను తెలుసుకున్నది ఒకటే. అంగడి ఉన్నప్పుడు పోయిన బిడ్డ అంగడి వల్ల పోలేదు. అంగడి లేకుండా బతికే బిడ్డను, నెయ్యి వేసేది ఎప్పుడో తీసేది ఎప్పుడో వాళ్ల దయ మీద పెంచాలి. "నువ్వు ఉంటావా అక్కా?" అని అడిగాను. రాహేలమ్మ నా కడుపు మీద చేయి పెట్టి బిడ్డ తిరుగుడు చూసింది. చివరికి, "వేపమండలు నేను తెస్తా" అంది.

బయలుదేరే రోజు సోమవారం. మా అత్త ట్రంకు పెట్టెలో చీరలు సర్ది, నా తలకు నూనె పెట్టి జడ వేసింది. ఆ వేళ్లు నా నెత్తి మీద కదులుతుంటే ఏడుపు వచ్చింది. ఆమెకు అంతా తెలుసా, కొంతే తెలుసా? "అత్తా, నన్ను పంపమని ఎవరు చెప్పినారు?" అని అడిగాను. "వాడు చెప్పమన్నాడు, చెప్పినా. నాకేం తెలుస్తాది అవన్నీ" అని జడ కొస గట్టిగా బిగించింది. నొప్పి పుట్టింది. ఆ నొప్పి నాకు మేలు చేసింది.

బస్సు దగ్గరికి పోవడానికి నేనూ మా ఆయనా ఎక్కిన జట్కా బురుజు దాటి మా సందు మొదట్లోకి వచ్చేసరికి గిడ్డయ్య నా అంగడి ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో పెద్ద ఇత్తడి తాళం. మా ఆయన నా వైపు చూడకుండా, "మన తాళం పాతదంట. ఆయనది వేస్తానన్నాడు, భద్రంగా ఉంటాది" అన్నాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో చెప్పలేదు. నేనూ అడగలేదు. "అమ్మకు ఎత్తిపెట్టిన గాజులు లోపల ఉండాయి, తెచ్చుకుంటా" అని దిగాను. నా తాళం తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచాను. పెట్టెల మధ్య నుంచి లోపలి గదిలోకి పోయాను. ముందురోజు చాప, పాత చీరలు, కుండతో నీళ్లు అక్కడ చేర్చి పెట్టుకున్నాను. చాప మీద కూర్చుని, గోడకు ఆనుకుని, ఒక్కసారి గట్టిగా అరిచాను.

మా ఆయన గడప దాకా పరుగెత్తుకొచ్చాడు. గిడ్డయ్య ఆయన వెనకే వచ్చి ఒక కాలు లోపల పెట్టాడు.

"నొప్పులు" అన్నాను. "కదల్లేను. ఈడనే అయితాది."

గిడ్డయ్య ఆ కాలు అంతే వెనక్కి తీసుకున్నాడు. పంచె రెండు చేతులతో పైకి పట్టుకుని సందు మధ్యకు పోయి నిలబడ్డాడు. మా ఆయన కదల్లేదు. నా ముఖంలోకి చూశాడు, ఎన్నేళ్లకో. "దొంగ నొప్పులు" అన్నాడు మెల్లగా. "నాకు తెలుసు. నీకింకా దినాలుండాయి."

"ఉండనీ" అన్నాను.

ఆయన చేయి నా భుజం మీదికి వచ్చింది. లేపడానికో, ఈడ్చడానికో. సరిగ్గా అప్పుడే రాహేలమ్మ సంచీ పట్టుకుని సందులోకి వచ్చింది. "జరుగప్పా, మగోళ్లకు ఈడేం పని?" అని ఆయన్ను మోచేత్తో పక్కకు తోసి, తెచ్చిన వేపమండలు పురిటి గుర్తుగా తలుపు రెక్కలకు కట్టింది, ఊరందరికీ కనబడేటట్టు. నోటీసు అంటించే చోట వేపాకు ఊగింది. ఎదురుగా ఉన్న అంగళ్ల నుంచి జనం తొంగి చూశారు. పదిమంది చూస్తుండగా పురిటి మనిషిని ఈడ్చేంత ధైర్యం మా ఆయనకు లేదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. నేను పెట్టుకున్న నమ్మకం అంతా ఆయన పిరికితనం మీదే.

మధ్యాహ్నానికి మా అత్త వచ్చింది. గడప బయట నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బిడ్డ కంటే అంగడి ఎక్కువా నీకు? ఆడదానివేనా నువ్వు?" అంది. ఆ మాటకు జవాబు నా దగ్గర తొమ్మిదేళ్లుగా ఉంది, కానీ అది పెద్దది, గడప మీద చెప్పేది కాదు. "విసురురాయి ముందర కూర్చున్నప్పుడు ఈ మాట ఎవరూ అడగకపోయిరే అత్తా" అని మాత్రం అన్నాను. ఆమె కొంగు బొడ్లో దోపుకుని వెళ్లిపోయింది. సాయంత్రం చూస్తే గడప పక్కన మూత పెట్టిన ముంత ఒకటి ఉంది. మూత తీస్తే వేడి సంగటి. నెయ్యి లేదు. ఎవరు పెట్టిందీ నేను చూడలేదు.

నాలుగు దినాలు గడిచాయి. నొప్పులు రాలేదు. వేపాకు వాడిపోతే రాహేలమ్మ కొత్తవి కట్టింది. శ్రావణానికి గాజులు కొనాల్సిన ఆడవాళ్లు సందు మొదట్లోనే ఆగి, వేపాకు చూసి వెనక్కి పోతున్నారు. బేరం లేదు. వస్తుందో రాదో కూడా తెలియదు. గిడ్డయ్య ఊరుకునే మనిషి కాదు, ఈ దారి మూసుకుంటే ఇంకో దారిన ఇంకో అర్జీ తెస్తాడు. ఎదురు అరుగు మీద మా ఆయన పగలంతా కూర్చుంటున్నాడు. మిల్లుకు పోవడం లేదు. ఆ ఇత్తడి తాళం ఆయన ఒళ్లో ఉంది. నా వైపు చూడడు, నా తలుపు వైపే చూస్తాడు. నేను ఎప్పుడు నీళ్లకు లేస్తానో, ఎప్పుడు కన్ను మూస్తానో చూస్తున్నాడని నాకు తెలుసు. ఆ తలుపు ఒక్క రోజు మూసుకుంటే చాలు, రెండో రోజు సులువు.

ఐదో దినం తెల్లవారుజామున నిజం నొప్పులు వచ్చాయి. నడుములోంచి మొదలై తొడల్లోకి దిగుతుంటే, ఇన్నాళ్లు ఆడిన అబద్ధానికి ఇది వడ్డీ అనుకున్నాను. తుంగభద్ర మీద నుంచి చల్లగాలి సందులోకి కొడుతోంది. గోడకు వేలాడే గాజులు కదిలి చప్పుడు చేస్తున్నాయి. అరుగు మీద ఆయన లేచి నిలబడ్డాడు. రాహేలమ్మ దీపం దగ్గరికి జరిపి, నా మోకాళ్ల మీద చీర కప్పి, పైకి లేచింది.

"పురిట్లో గాలి తగలగూడదే. బిడ్డకు మంచిది గాదు. నీకూ మంచిది గాదు. తలుపు వేస్తా."

ఆకుపచ్చ గాజుల చేత్తో ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకున్నాను.

"వద్దక్కా" అన్నాను. "అంగడి తెరిచే ఉండనీ."